ఆపరేషన్ ఉడుము

"శనగ విత్తనం కావాల. పుచ్చు లేనిది."

"ఈ కాలంలో పుచ్చు లేనిది యాడ దొరుకుతుందమ్మా? లోపలికి రా, ఉన్నది చూపిస్తా."

కోడ్ కలిసింది. ముతక చీర కట్టుకుని, నెత్తిన కొంగు కప్పుకుని, చంకలో గోనెసంచి పెట్టుకున్న ఆ రైతు పడుచు విత్తన బస్తాల సందులోంచి వెనక గదిలోకి నడిచింది. తలుపు మూసుకోగానే కొంగు దించింది. ఆమె సెక్షన్ సెవెన్ ఏజెంట్ శిరీన్.

కర్నూలు వన్‌టౌన్‌లోని ఆ దుకాణం బోర్డు మీద 'నాగేశ్వరయ్య అండ్ సన్స్, విత్తనాలు, పురుగుమందులు' అని ఉంటుంది. నాగేశ్వరయ్యకు కొడుకులు లేరు. విత్తనాలు ఆయన అసలు వ్యాపారమూ కాదు. ఆ బోర్డులో కాస్తో కూస్తో నిజమున్న మాట పురుగుమందులు ఒక్కటే. సెక్షన్ సెవెన్ దక్షిణ విభాగానికి ఆయన చీఫ్.

"కూర్చో," అన్నాడు నాగేశ్వరయ్య. "మంచి మాట లేదు. చెడ్డ మాట ముందు చెప్పాల్నా, ఇంకా చెడ్డ మాట ముందు చెప్పాల్నా?"

"రెండూ చెప్పండి సార్."

"డేగ కన్ను ఇంకా ఈ జిల్లా దాటలే. ఉగాది మరుసటి రోజు దాటుతుంది. అది చెడ్డ మాట."

డేగ కన్ను అంటే అగ్గిపెట్టెంత చిప్. కొత్త మిసైల్‌కు గురి చూపించేది అదే. దాన్ని కడప నుంచి కర్నూలుకు జీపులో తెచ్చే డ్యూటీ శిరీన్‌ది. పెట్టె ఆమె ఒళ్లో ఉంది. తాళంచెవి ఆమె మెడ గొలుసుకు ఉంది. కర్నూలులో పెట్టె తెరిస్తే లోపల అగ్గిపెట్టెంత చెక్కముక్క మాత్రమే ఉంది.

"ఇంకా చెడ్డ మాట?"

"ఢిల్లీలో నీ పేరు అనుకుంటాండారు."

"జీపులో కిరణ్ కూడా ఉన్నాడు కదా సార్. నడిపిందే అతను."

నాగేశ్వరయ్య కళ్లజోడు తీసి తుడిచాడు. ఆ జోడుకు మురికేమీ లేదు. "ఉన్నాడు. కానీ ఆయప్ప పేరు కిరణ్. నీ పేరు శిరీన్. ఢిల్లీలో కొందరికి అనుమానం పడేదానికి ఆ మాత్రం చాలు. నాకు చెప్పుకునేదానికి సిగ్గయితాది, కానీ చెప్పకుండా ఉంటే మోసమయితాది."

ఇలాంటి మాట శిరీన్‌కు కొత్త కాదు. కానీ ఇంత సూటిగా, ఇంత జాలిగా ఎవరూ అనలేదు. జాలి ఇంకా మంట పుట్టించింది.

"కన్ను దొరికితే నువ్వు మా శిరీన్. దొరకకపోతే దేశద్రోహి. ఇంగ నడి దారి లేదు తల్లీ. ఆ దినం గొలుసు ఎవరి చేతికైనా ఇస్తివా? బాగా తలుచుకో."

"లేదు సార్. ఎవరికీ ఇవ్వలేదు."

అంతలో కిరణ్‌కుమార్ మూడు టీలతో లోపలికొచ్చాడు. విజయవాడ మనిషి, నవ్వితే గది వెలిగే రకం. కాళ్లకు ఎప్పుడూ తెల్ల స్పోర్ట్స్ షూసే. చీఫ్ బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

టార్గెట్ క్రోవెల్. దేశం ఏదో తెలియదు, పాస్‌పోర్టులు మూడు. 'బ్లూ క్రేటర్ డైమండ్స్' పేరుతో వజ్రాల సర్వే కంపెనీ నడుపుతున్నాడు. కోడుమూరు దాటాక హొన్నకల్లు అనే ఊరి బయట, పాతకాలం జిన్నింగ్ మిల్లులో క్యాంపు. లోపల ఒక గదికి ఎప్పుడూ కాపలా. ఆ గదిలోకి మనిషి పోలేడు. గది కింద నుంచి వంకలోకి ఒక పాత తూము మాత్రం ఉంది. పిల్లి పట్టేంత తూము.

"పిల్లికి ట్రైనింగ్ ఇవ్వాలంటారా సార్?" అన్నాడు కిరణ్.

"రోబో కావాల. హైదరాబాదులో బాంబ్ స్క్వాడ్‌కు ఒకటుండాది. అడిగితే ఇస్తారు. అడిగిన పూటే క్రోవెల్‌కు తెలిసిపోతుంది. మన మందిలో యాడో తూటు ఉండాది." చీఫ్ ఇద్దరి వైపూ చూశాడు. "అందుకే ఇంట్లోనే చేయండి. మీరిద్దరూ, మూడో కంటికి తెలియకుండా."

బండిమెట్టలో శిరీన్ తల్లి పీరమ్మ ఇంటి మిద్దె మీద గది వర్క్‌షాప్ అయింది. పాత అంబాసిడర్ కారు వైపర్ మోటార్లు రెండు దొరికాయి. కంప్యూటర్ యూపీఎస్ నుంచి బ్యాటరీ పీకారు. పిల్లల సైకిలు చక్రాలకు ట్యూబు ముక్కలు చుట్టారు, నున్నటి తూములో జారకుండా. బొమ్మ కారు రిమోట్ విప్పి, దాని ఆంటెన్నాకు గజం పొడుగు తీగ అతికించారు. అడుగున పళ్లెం పీరమ్మది. అడగకుండా తీసుకున్నందుకు ఆమె రెండు రోజులు మాట్లాడలేదు.

మొదటి ట్రయల్‌లో ముందుకు నొక్కితే వెనక్కి పోయింది. మోటారు తీగలు తారుమారు చేస్తే ఈసారి గిరగిరా తిరిగి నీళ్ల కడవను పగలగొట్టింది. మూడోసారి బుద్ధిగా గడప దాకా పాకి ఆగింది. మెట్లెక్కి వచ్చిన పీరమ్మ దాన్ని చూసి అలక మరిచిపోయింది.

"ఏందమ్మే ఇది? పొట్ట నేలకానించి ఉడుము మాదిరి పాకుతాండాది!"

అలా పేరు కుదిరింది. ఉడుముకు కన్ను పెట్టడం కిరణ్ పని. హైదరాబాదు కోఠీలో కొన్న చైనా వైర్‌లెస్ కెమెరా, బొటనవేలంత. అది చూసిందంతా గాలిలోకి వదులుతుంది, రిసీవర్ పట్టి టీవీలో చూపిస్తుంది. పైకీ కిందికీ తిప్పడానికి బొమ్మ విమానం మోటారు ఒకటి బిగించాడు.

"దీంతో ఒక్కటే చిక్కు," అన్నాడు కిరణ్. "గాలిలో వదిలిన బొమ్మకు తాళం ఉండదు. ఇదే చానెల్ రిసీవర్ ఎవడి దగ్గరుంటే వాడూ చూస్తాడు." ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్‌తో కెమెరా లోపల వెంట్రుకవాసి తిప్పాడు. తర్వాత రిసీవర్ విప్పి దాన్నీ అంతే తిప్పాడు. "ఇప్పుడు బజార్లో కొన్న ఏ రిసీవరూ దీన్ని పట్టలేదు. నా చేత్తో తిప్పినదైతేనే పడుతుంది. ప్రపంచంలో ఈ బొమ్మ రెండు జతల కళ్లకే శిరీన్. నీవీ, నావీ."

ఆఫీసులో వాళ్లిద్దరి మధ్య ఏదో ఉందని గుసగుసలుండేవి. ఉన్నమాట నిజమే, కానీ అది ప్రేమ కాదు. శిరీన్ నాన్న పోయినప్పుడు ఖబరస్తాన్‌లో చివరి పిడికెడు మన్ను పడేదాకా నిలబడ్డవాడు కిరణ్. కిరణ్‌కు టైఫాయిడ్ వస్తే నెల్లాళ్లు జావ కాచి పోసింది పీరమ్మ. అతను ఆమెను అమ్మా అనే పిలుస్తాడు. అలాంటి వాళ్ల మధ్య ఉండేదానికి శిరీన్‌కు తెలిసిన పేరు నమ్మకం.

పని మధ్యలో కిరణ్ ఒక ఫోటో ముందు పెట్టాడు. షిఫాన్ చీర, నల్ల కళ్లద్దాలు, ఎత్తు మడమల చెప్పులు. క్రోవెల్ జీపు తలుపు తెరిచి పట్టుకుని నిలబడింది.

"హిమబిందు. బ్లూ క్రేటర్ లయజాన్ ఆఫీసర్. క్రోవెల్‌కు మనవాళ్ల కబుర్లు మోసేది ఈవిడే. నేను చెప్తున్నా, రాసిపెట్టుకో."

"ఇంత అందంగా ఉండాది, దొంగేలే," అంది శిరీన్. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఉగాది రోజు మిట్టమధ్యాహ్నం. హొన్నకల్లు మిల్లు దగ్గర గార్డులు వేపచెట్టు కింద తువ్వాళ్లు మొహాన కప్పుకుని పడుకున్నారు. ఆ ఎండకు కుక్కలు కూడా డ్యూటీ చేయవు. వంక గట్టున కంపచెట్ల చాటున ఒక ఓమ్నీ వ్యాన్ ఆగి ఉంది. దాని మీద 'పీర్ వీడియోస్, పెళ్లిళ్లు, జాతరలు షూట్ చేయబడును' అని ఉంది. వీడియో వ్యాన్‌లో టీవీ ఉన్నా, పైన ఆంటెన్నా ఉన్నా ఎవరూ అనుమానించరు. ఆ ఐడియా శిరీన్‌ది.

కిరణ్ వంకలోకి దిగి తూము నోటి దగ్గర కూర్చున్నాడు. ఉడుముకు కట్టిన తాడు కొంచెం కొంచెం వదలడం అతని పని. శిరీన్ వ్యాన్‌లో టీవీ ముందు రిమోట్ పట్టుకుంది.

స్క్రీన్ మీద చీకటి, తడి రాయి, సాలెగూళ్లు. ఒక ఎలుక ఎదురొచ్చి, ఇంత వింత జంతువును జన్మలో చూడనట్టు పారిపోయింది. తర్వాత వెలుగు. తుప్పు పట్టిన జల్లెడ పక్కకు పడి ఉంది. ఉడుము తల గదిలోకి వచ్చింది.

ఒక బల్ల. దాని మీద రాళ్ల శాంపిల్స్. బల్ల కింద ఇనప పెట్టె. పెట్టె తలుపు బార్లా తెరిచి ఉంది, లోపల ఖాళీ. గదికి కాపలా ఉందన్నారు, తీరా పెట్టెకు తాళం కూడా లేదు. శిరీన్ కనుబొమ్మలు ముడిపడ్డాయి. రిమోట్ కుడికి నొక్కింది.

గోడ పక్కన ఇద్దరు గార్డులు కుర్చీల్లో కూర్చుని టీవీ చూస్తున్నారు. గదిలో పాకుతున్న జంతువును చూసి వాళ్లు ఉలిక్కిపడలేదు. ఒకడు దానికి దారిచ్చేందుకు కాలు పక్కకు జరిపాడు.

శిరీన్ వాళ్లు చూస్తున్న టీవీ వైపు కెమెరా ఎత్తింది. ఆ టీవీలో ఒక గది ఉంది. గదిలో ఒక టీవీ ఉంది. దానిలో ఇంకో గది, ఇంకో టీవీ, అలా లోపలికి, లోపలికి, చుక్కంత అయ్యేదాకా.

ఆమె రిమోట్ ఎడమకు నొక్కింది. లోపలి టీవీలన్నీ వరసగా కుడికి జరిగాయి. కుడికి నొక్కింది. కుడికి జరిగాయి.

ఉడుము చూసే బొమ్మను క్రోవెల్ మనుషులు చూస్తున్నారు. నా చేత్తో తిప్పిన రిసీవర్ అయితేనే పడుతుంది అన్నాడు కిరణ్.

రిమోట్ మీద శిరీన్ వేలు ఆగిపోయింది. మైదుకూరు దగ్గర జీపు ఆపినప్పుడు ముఖం కడుక్కుంటూ గొలుసు తీసి ఇచ్చిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఎవరి చేతికైనా ఇచ్చావా అని చీఫ్ అడిగితే లేదంది. అబద్ధం చెప్పాలని కాదు. ఆమె లెక్కలో కిరణ్ 'ఎవరో' కాదు. తన చేతిలో పెట్టుకున్నదాన్ని ఇంకొకరికి ఇచ్చానని ఎవరనుకుంటారు?

ఏడుపు వచ్చింది. ఏడవడానికి టైం లేదు. ఇప్పుడు చీఫ్‌కు ఫోన్ చేస్తే రుజువేదంటాడు. గాలిలో బొమ్మను ఎవరు తెచ్చి చూపిస్తారు? కిరణ్‌ను ఇక్కడే పట్టుకుంటే చిప్ ఎక్కడుందో ఎప్పటికీ తెలియదు. దొరకాల్సింది చిప్. అది లేకుండా తను ఎంత అరిచినా, దొంగ దొంగని చూపించినట్టే ఉంటుంది.

ఉడుమును వెనక్కి తిప్పింది. కాసేపటికి కిరణ్ దాన్ని చంకన పెట్టుకుని, చెమటలు కక్కుతూ వచ్చాడు.

"ఏమైనా కనబడిందా?"

"గది ఖాళీ. పెట్టె ఖాళీ."

"అయ్యో!" అన్నాడు కిరణ్. ఆ అయ్యోలో ఎంత బాధ ఉందంటే, ఇంకొకరైతే వెంటనే అతన్నే ఓదార్చేవాళ్లు. "ఆ హిమబిందు ముందే చెప్పేసి ఉంటుంది. దిగులు పడకు. రేపటిదాకా టైం ఉంది. నీ మీద మాట పడనిస్తానా నేను?"

పీరమ్మ కట్టిచ్చిన టిఫిన్ డబ్బా అతనే తెరిచాడు. ఉగాదికి పక్కింటివాళ్లు పంపిన ఓళిగలు, కిరణ్ భాషలో బొబ్బట్లు. ఒకటి తుంచి, నెయ్యి ఎక్కువున్న సగం శిరీన్‌కు ఇచ్చాడు. నాలుగేళ్లుగా అతను అలాగే ఇస్తాడు. ఆమె నోట్లో పెట్టుకుని నమిలింది. మింగడం మాత్రం మిసైల్ చేసినంత కష్టమైంది.

మరునాడు హొన్నకల్లులో నేల ఈనినట్టు జనం.

వీరభద్రస్వామికీ కాళమ్మకూ పెళ్లి మాటల్లో తగువొచ్చిందట. దానికి గుర్తుగా ఏటా ఊరు రెండుగా చీలి పిడకలతో కొట్టుకుంటుంది. స్వామి పక్షం, అమ్మ పక్షం. ఏ ఇంటివాళ్లు ఏ పక్షమో తాతల నాడే తేలిపోయింది. నెలల తరబడి ఇంటింటికీ తట్టిన పిడకలు గుడి ముందు మిద్దెంత ఎత్తున పేర్చారు. సున్నం గీత దాటితే స్వామి నేల. అక్కడికి చెప్పులతో ఎవరూ పోరు. ఇది ఏ బోర్డు మీదా రాసుండదు. అందరికీ తెలిసినదాన్ని ఎవరు రాస్తారు?

క్రోవెల్ మీద కన్నేసేందుకు జాతర షూటింగ్ పేరుతో వచ్చిన పీర్ వీడియోస్ వ్యాన్‌కు చోటు చూపించినవాడు ఊరి పెద్ద బసవన్న. "ఈడ పెట్టుకో తల్లీ. గుర్రం మీద పెద్దరెడ్డొచ్చి మొక్కినాక మొదలయితాది. దుమ్ము శానా లేస్తాది, కెమెరాకు గుడ్డ కప్పుకో."

కిరణ్ వ్యాన్‌కు ఆనుకుని బొరుగులు తింటున్నాడు. శిరీన్ లోపలికెళ్లి తలుపు వేసుకుంది. పాత రేడియోలోంచి పీకిన చిప్‌ను పసుపు పచ్చ ప్లాస్టిక్ కవర్లో చుట్టింది. అసలు డేగ కన్ను సీలు కూడా ఆ రంగే. ఉడుము కెమెరా ఆన్ చేసి, దాని ముందు అరచేతిలో పెట్టి, దొరికింది దొరికిందని ముద్దు పెట్టుకుంది. ఎక్కడో ఒక టీవీ ముందు ఎవడో గుటకలు మింగుతూ ఉంటాడని ఆమెకు తెలుసు. తర్వాత కెమెరా మీద గుడ్డ వేసింది.

బయట కిరణ్ ఫోన్ మోగింది.

"ఊఁ... ఏంటి?... ఛ, అసలు కుదరదు. నేను పెట్టిన చోటే ఉంది..." గొంతు తగ్గింది. తర్వాత కిటికీ అద్దం మీద వేళ్లతో కొట్టాడు. నవ్వుతున్నాడు, కానీ పెదాల రంగు పోయింది. "శిరీన్, అక్క ఫోన్. ఇక్కడ సిగ్నల్ లేదు. అలా వెళ్లి మాట్లాడొస్తాను."

"పోయిరా. అక్కను అడిగినానని చెప్పు."

అతను తిరగగానే ఆమె ఉడుము వీపుకు నాలుగు పిడకలు కట్టి, వెనక తలుపు నుంచి నేల మీదికి వదిలింది. చెప్పులు విప్పేసి మళ్లీ టీవీ ముందు కూర్చుంది.

అప్పుడే గుర్రం వచ్చింది. పెద్దరెడ్డి దిగి మొక్కాడు. డప్పు ఒక్కసారి గుండెలో మోగినట్టు మోగింది. రెండు వైపుల నుంచీ జనం పిడకల కుప్ప మీద పడ్డారు.

పిడకలు గాలిలోకి లేచాయి. వాటి వెంట దుమ్ము లేచింది. మనిషికి మనిషి కనిపించని ఎర్రటి, పచ్చటి దుమ్ము. కేకలు, తిట్లు, నవ్వులు. వ్యాన్ అద్దాల్లోంచి చూస్తే ఏమీ కనిపించదు. కానీ దుమ్ము తలల ఎత్తున లేస్తుంది. నేలకు జానెడు ఎత్తులో ఉన్న ఉడుముకు మాత్రం అన్నీ కనిపిస్తున్నాయి.

స్క్రీన్ నిండా కాళ్లు. బీటలు వారిన మడమలు, పట్టీల కాళ్లు, పసుపు కాళ్లు. వందల బోడి కాళ్లు. వాటి మధ్య ఒకే ఒక్క జత తెల్ల స్పోర్ట్స్ షూస్, కుప్ప వైపు పరుగెడుతున్నాయి.

శిరీన్ రిమోట్ ముందుకు నొక్కింది.

షూస్ కుప్ప వెనక మూలకు చేరాయి. ఆమె కెమెరా పైకెత్తింది. కిరణ్ మోకాళ్ల మీద పడి పిడకలు పెళ్లగిస్తున్నాడు. చిప్‌ను పిడకలో పెట్టి ఈ కుప్పలో దాచినప్పుడు, వాటిని రాత్రి మంటకు పేర్చారనుకున్నాడు పాపం. సాయంత్రం దాకా ఎవరూ ముట్టుకోరని ధీమా. అందరి కళ్లముందూ ఉన్న పేడను ఎవడు వెతుకుతాడని తెలివి. ఇప్పుడు అతని తెలివిని ఊరంతా చేతికందినంత తీసి విసిరేస్తోంది. అతని వీపు మీద స్వామి పక్షం పిడక ఒకటి, అమ్మ పక్షం పిడక ఒకటి పగిలాయి.

అడుగు వరసలోంచి ఒక మందపాటి పిడక లాగాడు. దాని అంచున నీలం దారం ఉంది. గుండెకు హత్తుకున్నాడు.

బొమ్మలోకి ఇంకో జత వచ్చింది. తోలు బూట్లు, క్రోవెల్. పిడక చేతులు మారింది. బూట్లు గీత అవతల ఆగిన జీపు వైపు తిరిగాయి. జీపు పక్కన ఇంకో రెండు కాళ్లు కనిపించాయి. గోళ్లకు ఎర్ర రంగు, చెప్పులు లేవు. హిమబిందు. అంత మడమల చెప్పుల మనిషి ఇక్కడ చెప్పులెందుకు విప్పిందో ఆలోచించే తీరిక శిరీన్‌కు లేదు.

ఫుల్ స్పీడ్. ఉడుము దుమ్ములోంచి దూసుకెళ్లి క్రోవెల్ బూట్ల మధ్య పడింది. స్క్రీన్ మీద ఆకాశం, నేల, ఆకాశం గిర్రున తిరిగాయి. క్రోవెల్ బరువుగా బోర్లా పడటం కనిపించింది. పిడక దొర్లుకుంటూ పోయి ఆగింది. ఆకుపచ్చ గాజుల ముసలి చేయి ఒకటి వంగి దాన్ని ఎత్తుకుంది.

శిరీన్ రిమోట్ పారేసి పరుగెత్తింది.

ఆ చేయి అమ్మ పక్షం అవ్వ హులిగెమ్మది. చేతిలో పిడకలు అయిపోయి చూస్తుంటే కాళ్ల దగ్గరికే ఒకటి దొర్లుకుంటూ వచ్చింది. అమ్మ దయ అనుకుని చేయి పైకెత్తింది. ఆ చేయి దాటితే పిడక తొక్కిసలాటలో పడుతుంది. చిప్ పొడి అవుతుంది. దాంతోపాటు శిరీన్ పేరు కూడా.

"అవ్వా! ఇసరొద్దు! ఆపు!" అని గొంతు చించుకుంది శిరీన్. ఆ గోలలో ఆమె అరుపు ఆమెకే వినిపించలేదు.

కిరణ్ ఆమె కంటే దగ్గర్లో ఉన్నాడు. అవ్వ ముందుకు దూకి చేయి చాచాడు. "అవ్వా, అది నాది. ఇటివ్వు. తొందరగా!" అతని వేళ్లు పిడకకు ఇంచీ దూరంలో ఉన్నాయి.

హులిగెమ్మ అతన్ని కిందినుంచి పైకి చూసింది. చూపు కిందనే ఆగిపోయింది.

"ఓరి నీ పాసుగాల! సామి నేల మీదికి బూట్లేసుకోనొస్తివా!"

డెబ్బై ఏళ్ల చేయి. పొలంలో పనిచేసిన చేయి. పిడక కిరణ్ నుదుటి మీద పగిలి నాలుగు ముక్కలైంది. పసుపు పచ్చ కవరు జారి దుమ్ములో పడింది. పరుగెత్తుకొస్తున్న జనం పాదాలు దాని మీద పడబోయే లోపల శిరీన్ బోర్లా దాని మీద పడింది. వీపు మీద నుంచి ఎన్ని కాళ్లు పోయాయో ఆమె లెక్కపెట్టలేదు.

తల ఎత్తేసరికి క్రోవెల్ లేచి ఆమె మీద పిస్తోలు గురిపెట్టి ఉన్నాడు. అతని చెవి వెనక ఇంకో పిస్తోలు ఉంది.

"చాలు మిస్టర్ క్రోవెల్," అంది హిమబిందు, కొంగు నడుముకు దోపుకుని, దుమ్ముకొట్టుకుపోయిన షిఫాన్ చీరలో. "సెక్షన్ సెవెన్. గన్ కింద పెట్టు. శిరీన్, అది పగల్లేదు కదా?"

పగల్లేదు. పగిలింది ఇంకోటి.

కొట్లాట ఎలా మొదలైందో అలాగే ఒక్కసారిగా ఆగింది. హిమబిందు క్రోవెల్‌కు బేడీలు వేసి జీపులోకి తోసింది. ఊరి మగవాళ్లు కిరణ్‌ను గుడి అరుగు మీద కూర్చోబెట్టారు. అతనెవరో, ఏం చేశాడో వాళ్లకింకా తెలియదు. నుదుటి నుంచి రక్తం కారుతోంది.

శిరీన్ ఎదురుగా నిలబడింది. "ఎందుకు చేస్తివి కిరణ్?"

అతను తల ఎత్తకుండానే అన్నాడు. "పెద్ద కారణం ఉంటే బాగుండేది. లేదు. వాళ్లు అడిగారు. తేలికని చేశాను."

"తేలికనా?"

"నీ ఒళ్లో ఉన్న పెట్టె పోతే నా వైపు ఎవరూ చూడరు. ఆ సంగతి నాకు తెలుసు. నీకూ తెలుసు."

ఆ మాటకు ఆమెకు కోపం రావాలి. రాలేదు. తన పేరు మీద లోకానికున్న అనుమానాన్ని ఇంతకాలం తన పక్కన కూర్చుని, తన ఇంటి అన్నం తింటూ, తనతో కలిసి తిట్టినవాడు ఇతనే. దాన్నే పనిముట్టుగా దాచిపెట్టుకున్నాడు. నిన్నటి ఓళిగ ఇంకా గొంతులోనే ఉన్నట్టనిపించింది.

బసవన్న విభూది పళ్లెంతో వచ్చాడు. "కొట్లాట అయిపాయ. ఇంగ దెబ్బ తగిలినోళ్లకు కొట్టినోళ్లే ఇబూది పూయాల. పూసినాక మనసులో ఏమీ పెట్టుకోగూడదు. ఇది మా ఊరి కట్టు."

హులిగెమ్మ వచ్చి కిరణ్ నుదుటికి మెత్తగా ఇబూది అద్దింది. "నొప్పయితాండాదా నాయనా? బూట్లు ఇప్పింటే కొట్టకపోదును." తర్వాత పళ్లెం శిరీన్ వైపు జరిపింది. "నువ్వు కూడా పూయమ్మా. మీరిద్దరూ ఒగరికొగరు తెలిసినోళ్ల మాదిరుండారు."

"నేను కొట్టలేదవ్వా. కొట్టింది ఆయప్ప."

"అట్లనా? అయితే ఆయప్పే నీకు పూయాల. ఏమప్పా, లెయ్. పాపకు పూయి."

కిరణ్ వేళ్లకు ఇబూది అద్దుకుని లేచాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి నిజమైనవే కావచ్చు. నిన్నటి అయ్యో కూడా అలాగే ఉంది కాబట్టి శిరీన్‌కు తేడా తెలియలేదు.

"యాడ తగిలెనమ్మా నీకు?" అంది హులిగెమ్మ. "సూపించు, పూస్తాడు."

శిరీన్ ఒక అడుగు వెనక్కి వేసింది. "చూపించేదానికి వచ్చే చోట తగల్లేదవ్వా."

తర్వాతి వారం, విత్తనాల దుకాణం వెనక గది. నాగేశ్వరయ్య స్వయంగా టీ పోశాడు. ఇది సెక్షన్ సెవెన్ చరిత్రలో అరుదైన సంఘటన.

"కన్ను చేరాల్సిన చోటికి చేరింది. ఢిల్లీవాళ్లు నీకు అభినందనలు చెప్పమన్నారు."

"హిమబిందు మొదటినుంచీ మన మనిషేనా సార్?"

"మొదటినుంచీ. ఆదోని పక్క పిల్ల."

"నాకెందుకు చెప్పలేదు?"

నాగేశ్వరయ్య పక్కనున్న బస్తాలోంచి గుప్పెడు శనగలు తీసి మళ్లీ అందులోనే వదిలాడు.

"ఆమెను క్రోవెల్‌ను చూసేదానికి పెట్టినారా సార్, నన్ను చూసేదానికి పెట్టినారా?"

"ఇద్దరినీ," అన్నాడు చీఫ్. అబద్ధం ఆడలేదు, అంతవరకు నయం.

"కిరణ్‌ను?"

"కిరణ్‌ను చూడల్లని మాకెవురికీ తోచలేదు తల్లీ."

శిరీన్ తల ఊపింది. టీ చల్లారిపోయింది. దుకాణం ముందు ఎవరో నిజమైన రైతు వచ్చి నిజంగానే విత్తనాల ధర అడుగుతున్నాడు. చీఫ్ గొంతు సవరించుకుని మాట మార్చాడు.

"అయిందేదో అయిపాయ. నీకు కొత్త పార్ట్‌నర్‌ను ఇస్తాండా. శానా నమ్మకస్తుడు. నేను పూచీ."

"వద్దు సార్," అంది శిరీన్, నెత్తిన కొంగు కప్పుకుంటూ. "రెండు వైపర్ మోటార్లు, ఒక బ్యాటరీ ఇప్పించండి. పార్ట్‌నర్‌ను నేనే చేసుకుంటా."